అడ్డపొగ – అంగిలి

శ్రీకాకుళం వైపు పల్లెల్లో చుట్టను, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటుంది. అదే అడ్డపొగ. ఎక్కువగా ఆడవాళ్లే తాగుతారు. వేడీ పొగా సూటిగా అంగిలికే తగులుతాయి.

డెన్మార్క్ పరిశోధకుడు పిండ్‌బోర్గ్, మన దేశపు మెహతా, వారి సహచరులు ఈ ప్రాంతంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. వారికి కనిపించినవి ఇవి: అంగిలి తెల్లగా మందమెక్కడం, ఎర్రటి మచ్చలు, పుండ్లు, రంగు వెలిసిన చోట్లు, కొందరిలో క్యాన్సర్. వీటిలో ఎర్రమచ్చను అసలు ఉపేక్షించకూడదు.

మీ ఇంట్లో అమ్మమ్మకు ఈ అలవాటుంటే అంగిలిని దంతవైద్యుడికి చూపించండి. రెండు వారాలైనా మానని పుండైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. నొప్పి లేదు కదా అని ఆగకండి.