పట్టూ విడుపూ



వేదపండితులూ, పంచాంగకర్తలూ, భౌతికశాస్త్రం చెప్పే అధ్యాపకులూ, కవులూ ఒకచోట కూర్చున్న సభ ఇది. అధ్యక్షత వహించమని పిలిచినప్పుడు నేను మరో ఆలోచన పెట్టుకోకుండా ఒప్పుకున్నాను. ధర్మగ్రంథం మీద నమ్మకం, ఆధునిక విజ్ఞానం కలిసి ఒక ఇంట్లో కాపురం చేయగలవా అన్నది మీరిచ్చిన విషయం. ఆ కాపురాన్ని నేను చిన్నప్పటి నుంచీ కళ్లారా చూశాను. మా తాతయ్య సిద్ధాంతి. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. నేను ముప్ఫై ఏళ్లపైన కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. ఆయన గణితం చేసిన పలక ఇప్పటికీ నా గదిలో ఉంది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల–రంగాపూర్ వేధశాల దగ్గర సూర్యబింబం మొత్తం మూసుకుపోయింది. మా ఊరు ఆ దారికి కాస్త దక్షిణాన పడింది కాబట్టి మాకు సన్నని వంక మిగిలింది. స్పర్శ, మధ్యం, మోక్షం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో తాతయ్య ముందే లెక్కకట్టి, కాగితం మీద రాసి వసారా స్తంభానికి అంటించాడు. మధ్యాహ్నం మూడు దాటాక నన్ను పెరట్లో కానుగచెట్టు కిందికి తీసుకెళ్లి నేల చూడమన్నాడు. ఆకుల సందుల్లోంచి జారిన ప్రతి వెలుగుచుక్కా చిన్న నెలవంక అయి పడింది. నేల నిండా వందల నెలవంకలు. "చంద్రుడు అడ్డం వచ్చాడురా, అంతే" అన్నాడు. అప్పటికే ఆయన పట్టుస్నానం చేసి తడిబట్టతో ఉన్నాడు. లోపల ఆవకాయ జాడీల మీద దర్భలు వేసి ఉన్నాయి. చంద్రుడు అడ్డం వచ్చాడన్న మాటకూ, ఆ దర్భలకూ ఆయన మనసులో ఏ పేచీ లేదు. జపం చేసుకుంటూ వాచీ చూసుకున్నాడు. నిమిషం తేడా లేకుండా విడుపు వచ్చింది. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించిన సంతోషం భక్తుడిదా, గణితజ్ఞుడిదా అంటే నేను విడదీసి చెప్పలేను.

అదే సమయానికి మా పిన్ని నడిమింటి గదిలో, తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, చాప మీద పడుకుని ఉంది. ఏడో నెల. కదలకూడదు, గోక్కోకూడదు, మంచినీళ్లు తాగకూడదు. అంతసేపు ఊరికే పడుకోలేక, గదిలో మూలనున్న చేటలోని చిక్కుడుకాయలు దగ్గరికి లాక్కుని ఓ నాలుగు కాయల ఈనెలు తీసింది. ఏప్రిల్లో మగపిల్లవాడు పుట్టాడు. పై పెదవి చీలి ఉంది.

మన భాషలో ఆ చీలికకు పేరేమిటో మీకందరికీ తెలుసు. గ్రహణమొర్రి. రోగనిర్ణయం, కారణం, నేరారోపణ మూడూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. నిఘంటువులో ఉన్న ఆ మాటే మా పిన్ని మీద తీర్పు చెప్పింది. వచ్చిన ప్రతి చుట్టమూ పిల్లవాణ్ణి చూసి, తర్వాత ఆమె చేతులు చూసేవారు.

పిండంలో పై పెదవి భాగాలు కలుసుకోవడం దాదాపు ఏడో వారానికి పూర్తవుతుంది. అంగిలి మరికొన్ని వారాలకు. గ్రహణం నాటికి పిన్నికి ఏడో నెల. ఆమె చేతిలోకి చిక్కుడుకాయ రావడానికి నెలల ముందే ఆ పెదవి అలా ఏర్పడిపోయింది. వంశంలో వచ్చే లక్షణాలు, కొన్ని రకాల మందులు, పొగాకు, పోషకాహార లోపం వంటివి ఇందుకు దోహదం చేస్తాయని వైద్యం చెబుతుంది. ఏ వంటింటి పనీ ఆ జాబితాలో లేదు. అప్పట్లో ఈ వారాల లెక్క మాకెవరికీ తెలియదు, నిజమే. కానీ తాతయ్యకు ఒకటి తెలుసు. గ్రహణమంటే నీడ అని తెలుసు. నీడ పెదవి కోయదని ఆ ఇంట్లో చెప్పగల మనిషి ఆయనొక్కడే. ఆయన చెప్పలేదు. ఎవరు ఏమన్నా తలొంచుకుని పంచాంగం తిరగేసేవాడు. శస్త్రచికిత్సతో పిల్లవాడి పెదవి బాగయింది. పిన్ని మాత్రం బతికినన్నాళ్లూ చిక్కుడుకాయ ముట్టలేదు.

ఆ మౌనం గురించే నేను ఈ రోజు మాట్లాడదలిచాను. నమ్మకమూ విజ్ఞానమూ ఒకే బుర్రలో ఉండగలవా అన్నది నాకు పెద్ద ప్రశ్నగా కనిపించదు. ఉండగలవు, మన దేశంలో పదిహేను వందల ఏళ్లుగా ఉన్నాయి. తెలిసినవాడు ఎక్కడ నోరు మూసుకున్నాడు, దాని ఖరీదు ఎవరు చెల్లించారు అన్నది అసలు ప్రశ్న.

ఈ మౌనానికి పాత చరిత్ర ఉంది. 499 ప్రాంతంలో, ఇరవై మూడేళ్ల వయసులో ఆర్యభటుడు గ్రహణాలు నీడల వల్ల వస్తాయని రాశాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనీ రాశాడు. ఒక ప్రాణకాలంలో, అంటే నాలుగు సెకన్లలో, భూమి ఒక కళ మేర తిరుగుతుందని ఆయన లెక్క. వృత్తానికి 21,600 కళలు. నాలుగుతో గుణిస్తే 86,400 సెకన్లు, మన రోజు. తర్వాత ఏమైందో సాహిత్యం చదివినవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆయన వాడిన 'భూః' అన్న మాట తరవాతి ప్రతుల్లో 'భం' అయింది. భూమి తిరుగుతుందన్న వాక్యం నక్షత్రమండలం తిరుగుతుందన్న వాక్యంగా మారిపోయింది. ఒక్క అక్షరం. గ్రంథాన్ని తగలబెట్టలేదు, ఆర్యభటుణ్ణి ఎవరూ బంధించలేదు, ఆయన పేరుకు గౌరవమూ తగ్గలేదు. ఆచార్యుణ్ణి పూజిస్తూనే ఆయన మాట మార్చారు. పాఠపరిష్కరణ చేసే మిత్రులు ఈ సభలో ఉన్నారు. మీ పని ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

వరాహమిహిరుడు బృహత్సంహితలో చంద్రుడు భూచ్ఛాయలో ప్రవేశిస్తాడని స్పష్టంగా చెప్పాడు. 628లో రాసిన గ్రంథంలో బ్రహ్మగుప్తుడు, రాహువును కాదన్నందుకు వీళ్లను తప్పుపట్టాడు. శ్రుతిస్మృతులకు విరుద్ధమన్నాడు. మరి అదే గ్రంథంలో గ్రహణగణితం ఎలా చేశాడు? నీడ వ్యాసం కొలిచి, చంద్రుడి శరం, అంటే సూర్యుడి దారి నుంచి అతని దూరం, లెక్కకట్టి చేశాడు. రాహువు తల పరిమాణం ఎంతో ఆయన లెక్కలో ఎక్కడా అక్కర్లేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత విదేశీ పండితుడు అల్‌బిరూనీ ఈ గ్రంథం చదివి నిర్ఘాంతపోయాడు. ఇంత గొప్ప గణితజ్ఞుడు ఇలా ఎందుకు రాశాడా అని తర్కించుకుంటూ, సోక్రటీసుకు పట్టిన గతి వంటిది ఎక్కడ పడుతుందోనన్న భయమేమో అని ఊహించాడు. ఆ పుట చదివినప్పుడల్లా తలొంచుకుని పంచాంగం తిరగేస్తున్న మా తాతయ్య నా కళ్ల ముందుకు వస్తాడు.

భాస్కరాచార్యుడు 1150లో ఒక రాజీ కుదిర్చాడు. బ్రహ్మ వరం వల్ల రాహువు ఆ నీడలోకే వచ్చి చేరతాడు, కనుక పురాణం మాటా, గణితం మాటా నిజమేనన్నాడు. ఎంత సౌమ్యమైన రాజీ! నాకు భాస్కరుడంటే ప్రాణం, అయినా ఈ చోట ఆయనతో నేను ఏకీభవించలేను. ఆ రాజీతో పురాణానికి ఒరిగిందేమీ లేదు, గణితానికీ ఒరిగిందేమీ లేదు. గదిలో చాప మీద పడుకున్న ఆడమనిషికి అసలే ఒరగలేదు.

మన సంప్రదాయంలో మౌనం ఒక్కటే ఉందనుకుంటే అన్యాయం చేసినట్టు. కేరళలో పరమేశ్వరుడు ఏళ్ల తరబడి గ్రహణాలను కళ్లతో చూసి, వచ్చిన వేళలు రాసిపెట్టి, పాత లెక్క తప్పుతోందని గ్రహించి 1431లో దృగ్గణితం రాశాడు. దృక్కు అంటే చూపు. కనిపించినదానికి సరిపోని లెక్కను సవరించుకోవాలి, అది ఏ ఋషి పేరున ఉన్నా సరే. ఆ సవరణకు బీజసంస్కారమని పేరు పెట్టి మరీ సిద్ధాంతంలో చోటిచ్చారు మన పెద్దలు. ప్రత్యక్షంగా తెలిసే విషయానికి శ్రుతి ఎదురు మాట్లాడితే అక్కడ దానికి ప్రామాణ్యం లేదని, నిప్పును ఉదాహరణగా తీసుకుని శంకరులు గీతాభాష్యం చివరి అధ్యాయంలో తేల్చేశారు. శ్రుతికి తనదైన విషయం వేరే ఉందని ఆయన భావం. ఇంతకన్నా గట్టి ఆస్తికుడు ఎవరు?

మన నేల మీదే మరొకరున్నారు. చింతామణి రఘునాథాచారి. పంచాంగాలు గుణించే కుటుంబంలో పుట్టి మద్రాసు వేధశాలలో సహాయకుడయ్యాడు. 1867లో రెటిక్యులం రాశిలో వెలుగు మారే నక్షత్రాన్ని కనిపెట్టాడు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రాన్సు నుంచి ఖగోళశాస్త్రవేత్త జాన్సెన్ వచ్చి గుంటూరులో చూశాడు. ఆ గ్రహణంలో పలువురికి కనిపించిన పసుపుపచ్చ గీతే తర్వాత హీలియం అనే మూలకానికి ఆనవాలైంది. అదే రోజు రఘునాథాచారి వనపర్తిలో దూరదర్శిని పెట్టుకుని కూర్చున్నాడు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా తీసుకుంది. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోయే ముందు, అది ఏమిటో మామూలు జనానికి అర్థమయ్యేలా దేశభాషల్లో చిన్న పుస్తకాలు వేశాడు. దృగ్గణిత పంచాంగం తీసి, పాత లెక్కలు పట్టుకు వేలాడేవారితో బహిరంగంగా వాదించాడు. వైష్ణవ ఆచారం వదలలేదు, నోరూ మూసుకోలేదు. ఈయన జీవితచరిత్ర తెలుగులో ఒక మంచి పుస్తకంగా రావాలి. ఈ సదస్సు వేరే ఏమీ చేయకపోయినా ఆ పని ఎవరికైనా అప్పగిస్తే నేను సంతోషిస్తాను.

ఇప్పుడు నన్ను మౌనం కన్నా ఎక్కువ బాధపెడుతున్నది మరొకటి ఉంది. గ్రంథంలో లేని విజ్ఞానాన్ని గ్రంథంలోకి చొప్పించడం. వైమానిక శాస్త్రం అనే పుస్తకాన్ని 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు ఓపికగా చదివి, అది ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల రచన అనీ, అందులోని విమానాలు ఎగరలేవనీ తేల్చారు. అయినా ఏటా ఎవరో ఒకరు దాన్ని వేదకాలానికి మోస్తూనే ఉన్నారు. దీనివల్ల వేదానికి గౌరవం పెరుగుతుందా? రేపు విజ్ఞానం తన మాట తాను సవరించుకుంటే, దాని భుజం మీద కూర్చోబెట్టిన వేదం ఎక్కడికి పోవాలి? బెల్జియం దేశస్థుడు జార్జ్ లెమైత్ర్ కేథలిక్ ఫాదర్, విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో గణితంతో చూపినవాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం బైబిలు సృష్టికథకు బలం చేకూరుస్తోందని సంతోషంగా ప్రసంగిస్తే, లెమైత్ర్‌కు అది రుచించలేదు. తన సిద్ధాంతాన్ని మతానికి సాక్ష్యంగా నిలబెట్టవద్దన్నదే ఆయన వైఖరి. పూజాపీఠం దగ్గర నిలబడే మనిషి అలా అనుకోగలిగాడంటే, అది విశ్వాసం తక్కువై కాదు.

సంక్రాంతి సంగతి చూడండి. ఉత్తరాయణ పుణ్యకాలమని జనవరి 14నో 15నో తర్పణాలు వదులుతాం. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ తేడానంతా లెక్కలతో సహా ముందుపెట్టింది. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా ఊగడం వల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున పండుగ తర్వాతి తేదీకి జరుగుతోంది. వివేకానందుడు 1863లో సంక్రాంతినాడు పుట్టాడు, ఆ తేదీ జనవరి 12. నన్నడిగితే పండుగను కదపనక్కర్లేదు. కోత అయి ధాన్యం ఇంటికొచ్చాక చేసుకునే పండుగ అది, గొబ్బెమ్మలకు ఈ అయనాంశ లెక్క తెలియనక్కర్లేదు. కానీ బడిపిల్లవాడు "సూర్యుడు ఈ రోజే తిరిగాడా?" అని అడిగితే, లేదు నాన్నా, మూడు వారాల కింద తిరిగాడు, ఒకప్పుడు ఈ రెండూ ఒకే రోజున వచ్చేవి అని చెప్పే ధైర్యం మనకుండాలి. అలా చెబితే పండుగ ఏమీ చిన్నబోదు. ఆ పిల్లవాడికి పండుగతో పాటు పదిహేడు వందల ఏళ్ల ఆకాశం కూడా దక్కుతుంది.

రాహువు కథను నేను వదులుకోను. అమృతం గొంతు దాటకముందే తల తెగింది, అందుకే మింగిన ప్రతిదీ కింది నుంచి జారిపోతుంది, తీరని ఆకలితో ఆ తల చావు లేకుండా తిరుగుతూనే ఉంటుంది. పోతన భాగవతంలో చదివిన నాటి నుంచి అది నన్ను వెంటాడుతూనే ఉంది. మనిషి ఈర్ష్య గురించీ ఆశ గురించీ అది చెప్పే సంగతి ఏ దూరదర్శినికీ కనిపించదు. ఆ కథను ఖగోళ పాఠంగా చదివినవాడు గ్రహణాన్నీ పోగొట్టుకుంటాడు, కథనూ పోగొట్టుకుంటాడు.

ఈ సభలో పంచాంగకర్తలు పదిమందికి పైగా ఉన్నారు. మీకొక విన్నపం. 2031 మే 21న దక్షిణాదిన కంకణ సూర్యగ్రహణం వస్తోంది. కేరళ, తమిళనాడుల్లో కంకణం కనిపిస్తుంది, మనకు పాక్షికం. ఎండాకాలం మధ్యలో, ఉక్కపోతలో, వేల ఇళ్లల్లో కడుపుతో ఉన్న ఆడపిల్లలను గదుల్లో పెట్టి తలుపులు మూస్తారు. ఆ ఇళ్లవాళ్లు మా మాట వినరు, మీ మాట వింటారు. ఆ ఏడాది మీ పంచాంగంలో స్పర్శ, మధ్యం, మోక్షం వేళలు వేసే చోటే, అదే అక్షరాల సైజులో, ఒక్క వాక్యం వేయండి. గర్భిణులు మంచినీళ్లు తాగవచ్చు, అన్నం తినవచ్చు, కూర తరుక్కోవచ్చు, బిడ్డకు ఏమీ కాదు. కింద మీ పేరు, సిద్ధాంతి అన్న బిరుదుతో సహా ఉండాలి.

మా తాతయ్య వసారా స్తంభానికి అంటించిన ఆ కాగితంలో కింద బోలెడంత ఖాళీ ఉండేది.