కీచురాయి ఏమంటోంది?

వీడియో ఎడిటింగ్‌లో ‘నాయిస్ రిమూవల్’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే పిచ్చుకైనా, దోమైనా, ఫ్యానైనా అన్నీ ఒకటే, చెత్త. తెలుగు అలా కాదు, దేని చప్పుడు దానికే.

కోడి కూస్తుంది, కాకి అరుస్తుంది. పిచ్చుకలు కిచకిచలాడతాయి, గువ్వలు కువకువలాడతాయి. తుమ్మెద ఝుమ్మంటుంది, దోమ గుయ్యిమంటుంది. చప్పుడుని ఉన్నదున్నట్టు పట్టుకుని, చివర ‘మను’ అనో ‘లాడు’ అనో తగిలిస్తే చాలు, క్రియ రెడీ. ధ్వన్యనుకరణ అంటారు దీన్ని. కోడ్ రాసినవాణ్ణి కదా, నాకీ పద్ధతి భలే నచ్చింది.

కీచురాయికైతే చప్పుడు పేరులోనే ఉంది. దాన్నే ఇలకోడి అని కూడా అంటారు. కానీ అది నోటితో కూయదండీ. మగది రెక్కని రెక్కతో రుద్దుతుంది, అదే కీచు. వేడి పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. 1897లో డాల్బియర్ అనే అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్, కీచులు లెక్కబెట్టి ఉష్ణోగ్రత చెప్పే సూత్రమే రాశాడు.

ఇక కోయిల. ఇక్కడ మాత్రం మన మాటలు సగమే విన్నాయి. ‘కూ’ అనేది నల్లటి మగది. ఆడది గోధుమరంగులో, ఒళ్ళంతా చుక్కలతో ఉంటుంది, ‘కిక్ కిక్ కిక్’ అని గబగబా అరుస్తుంది. కవాడిగూడలో మా బిల్డింగ్ పిల్లలకి అది వినిపించి కోయిలే అని చెప్తే నమ్మరు. “కోయిలైతే కూ అనాలి కదన్నా!”