మనసుకు జబ్బు చేస్తే ముందు కనిపించేది బడిలోనే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను మానసిక వైద్యుడిని. పండుగలాంటి సభలో జబ్బుల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇంతమంది టీచర్లు, తల్లిదండ్రులు ఒక్కచోట దొరకడం నాకు అరుదు. అందుకే ఈ విషయమే ఎంచుకున్నాను.

అటు పాలమూరు నుంచి, ఇటు నల్లగొండ నుంచి పిల్లలు వచ్చి చదువుకున్న బడి మనది. గారపట్టిన పళ్ళు, వంగిన నడుములు, వంకర కాళ్ళు చూస్తూ పెరిగాం. వాళ్ళ ఖర్మ అని సరిపెట్టుకున్నవాళ్ళూ ఉండేవారు. 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. కారణం నీళ్ళలో ఉందని తెలిశాక నడుము వంగినవాణ్ణి ఎవరూ తప్పుబట్టలేదు. మంచినీళ్ళ కోసం కొట్లాడారు. మనసు జబ్బు విషయంలో మాత్రం మనం ఇంకా ఖర్మ దగ్గరే ఆగిపోయాం. గాలి సోకింది, బాణామతి చేసిండ్రు, ఒళ్ళు బద్ధకం, నటిస్తున్నడు అంటూనే ఉన్నాం.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. తల్లిదండ్రులు పూణేకి వలస పోయారు. పిల్లవాడు నాయనమ్మ దగ్గర ఉండి పదో తరగతి చదివేవాడు. లెక్కల్లో చురుకు. దసరా సెలవుల తర్వాత వెనక బెంచీకి మారాడు. స్నానం మానేశాడు. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనేవాడు. నాయనమ్మ తాయెత్తు కట్టించింది, కోడిని కోసింది, అమావాస్య రాత్రులు గుట్ట మీద నిద్ర చేయించింది. అలా రెండున్నరేళ్ళు గడిచాయి, అప్పు పెరిగింది. చివరికి వాళ్ళ లెక్కల సారు బస్టాండులో వాణ్ణి చూసి మా దగ్గరికి తీసుకొచ్చారు. మందులు మొదలుపెట్టిన ఆరు వారాలకు ఆ మాటలు వినిపించడం బాగా తగ్గింది. ఇప్పుడు మోటారు వైండింగ్ పని చేసుకుంటున్నాడు. రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటాడు, షుగర్ ఉన్నవాళ్ళు వేసుకున్నట్టే.

ఆ నాయనమ్మను నేను తప్పుబట్టను. ఆమెకు తెలిసిన దారులన్నీ తిరిగింది. ఆ సారు నాతో ఒక మాట అన్నారు: "డాక్టర్ గారూ, మార్పు నాకు అప్పుడే కనిపించింది. ఎవరికి చెప్పాల్నో తెల్వలే." ఈ రోజు నా ప్రసంగమంతా ఆ మాటకు జవాబే.

మానసిక జబ్బుల్లో సగానికి పైగా పాతికేళ్ళ లోపే మొదలవుతాయి. అంటే మన విద్యార్థుల వయసులో. ఇంట్లో వాళ్ళు రోజూ చూస్తుంటారు కాబట్టి మెల్లగా వచ్చే మార్పు వాళ్ళకు తెలియదు. నలభై మంది పిల్లల్ని పక్కపక్కన చూసే టీచరుకు తెలుస్తుంది. మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం, స్నేహితుల్ని వదిలేయడం, నిద్ర, తిండి తగ్గిపోవడం, లేనిపోని అనుమానాలు, తనలో తాను మాట్లాడుకోవడం వారాల తరబడి కనిపిస్తే తల్లిదండ్రుల్ని పిలిపించండి. జబ్బు పేరు మీరు చెప్పనక్కరలేదు, డాక్టరుకు చూపించమంటే చాలు.

చచ్చిపోవాలని ఉందని పిల్లలు అంటే బెదిరింపు అనుకోవద్దు. అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బా ఇంట్లో ఉంచొద్దని చెప్పండి. పోలీసు కేసవుతుందని ఆస్పత్రికి తీసుకురాకుండా ఆగవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. ఆ మనిషికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

ఇక చికిత్స. కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి గుణం లేదని మానేసేవాళ్ళు ఎక్కువ. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. బాగైంది కదా అని ఆపేయడమే జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం. కొన్ని నిద్రమాత్రలకు అలవాటు పడే ప్రమాదం ఉంది, కుంగుబాటు మందులు ఆ కోవలోవి కావు. మత్తు, వణుకు, బరువు పెరగడం లాంటివి వస్తే డాక్టరుకు చెప్పండి, మందు మార్చవచ్చు. కరెంటు షాకు అంటే సినిమాల్లో చూపించేది కాదు. మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడాన్ని చట్టమే నిషేధించింది. మందుతో పాటు మాట సాయం, చేతికి పని, ఇంట్లో మర్యాద కూడా చికిత్సలో భాగమే.

మన ప్రాంతానికి ఇంకో బెడద ఉంది, కల్తీ కల్లు. అందులో ఆల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. అది దయ్యం కాదు. వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలి.

మొక్కులు మానమని నేను అనను. గుజరాత్‌లోని మీరాదాతార్ దర్గాలో 'దవా, దువా' పేరుతో ప్రార్థన పక్కనే వైద్యం కూడా అందించారు. మొక్కు మొక్కండి, మాత్రా వేయండి. గొలుసులతో మాత్రం కట్టేయవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేస్తే, గొలుసుల్లో ఉండి తప్పించుకోలేక 28 మంది చనిపోయారు.

మన చిన్నప్పుడు ఈ జబ్బులకు ఎర్రగడ్డ తప్ప వేరే దారి తెలిసేది కాదు. ఆ పేరునే మనం తిట్టుగా మార్చాం. ఇప్పుడు అంత దూరం పోనక్కరలేదు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో మొదలయ్యాయి. వాటి ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో అడగండి. ఫోనులో మాట్లాడాలంటే టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మన సంఘానికి రెండు మనవులు. ఆ నంబరును ప్రతి తరగతి గదిలో పెద్ద అక్షరాలతో రాయించండి. ఏటా ఒక పూట టీచర్లతో కూర్చుని ఈ విషయాలు మాట్లాడే ఏర్పాటు చేయండి. పిలిస్తే నేను వస్తాను, చార్జీలు కూడా అక్కరలేదు. 'మెంటల్' అన్న మాటను తిట్టుగా వాడటం మనతోనే ఆపేద్దాం. ఆ మాటకు భయపడే ఎన్నో కుటుంబాలు ఆస్పత్రి మెట్లు ఎక్కడం లేదు.