ఆషాఢంలోనూ అన్నం పెట్టే కోర్సు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యా సహాయం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని అడిగారు. ఇంజనీరింగ్ ఫీజులు, నర్సింగ్ ఫీజులు, పదో తరగతి పిల్లల పుస్తకాలు, వీటి గురించి మీకు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు. ఈమధ్య వస్తున్న దరఖాస్తుల్లో మాత్రం కొత్త రకం ఒకటి కనిపిస్తోంది. "మేకప్ ఆర్టిస్టు కోర్సు చేస్తాను, ఫీజుకు సాయం చేయండి" అని ఆడపిల్లలు రాస్తున్నారు. అది చేతికి రాగానే మనలో కొందరు నవ్వి పక్కన పెడతారు. కొందరు జాలిపడి అడిగినంత రాసేస్తారు. ఈ రెండింటి వల్లా ఆ పిల్లకు మేలు జరగదు. అందుకే ఈ సంగతి మాట్లాడాలనుకున్నాం.

ముందు మన ఊరి సంగతి చూద్దాం. రత్నగిరి మీద సత్యదేవుని సన్నిధిలో పెళ్ళి చేస్తామని మొక్కుకున్న కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో అన్నవరం వస్తాయి. మంచి ముహూర్తాలున్న రోజుల్లో కొండ మీదా కిందా గది దొరకదు. తెల్లవారుజామున మూడు గంటల ముహూర్తమంటే పెళ్ళికూతురు అర్ధరాత్రికే అద్దం ముందు కూర్చోవాలి. ఆ ముస్తాబు చేసే చేతులు చాలావరకు కాకినాడ నుంచో, రాజమండ్రి నుంచో, విశాఖపట్నం నుంచో కార్లలో వస్తున్నాయి. పని మన గుమ్మం ముందే ఉంది. పని నేర్చిన మనిషి మన వీధిలో లేదు.

"ముఖానికి రంగులు వేసే పనికి సంఘం సొమ్మా?" అని అడిగే పెద్దలున్నారు. అడగడం న్యాయమే. జకాత్ నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచి ఇవ్వాలా అన్నది ఉలమాలు తేల్చాల్సిన విషయం. మేము బడిపంతుళ్ళం, మాకు తెలిసింది చదువు లెక్క. ఆ లెక్క ప్రకారం ఇది ఆడవాళ్ళ గదిలో, ఆడవాళ్ళ మధ్య జరిగే పని. పరదా పాటించే అమ్మాయి కూడా చేసుకోగలిగిన పని. పగలు ఇంటి పనికి అడ్డు రానిది. దుకాణం అద్దె లేకుండా ఒక పెట్టెతో మొదలుపెట్టగలిగేది. కనుక సాయం చేయాలా వద్దా అనే ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, ఏ కోర్సుకు చేయాలి అన్నది చూడాలి.

ఎందుకు చూడాలో ఒక ఉదాహరణ చెబుతాం. మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇంటర్ అయ్యాక మేకప్ నేర్చుకుంటానంది. తండ్రి ఆటో నడుపుతారు. తల్లి మెడలో గొలుసు బ్యాంకులో పెట్టి ఒక నగరంలో కొద్దిరోజుల కోర్సుకు ఫీజు కట్టారు. "ఈరోజే చేరితే సగం ఫీజు" అన్నారట అక్కడివాళ్ళు. ఆలోచించుకోవడానికి ఒక రాత్రి కూడా ఇవ్వలేదు. నేర్పే ఆవిడ ఒక మోడల్‌ను కూర్చోబెట్టి చేసి చూపిస్తుంటే నలభై మంది ఫోన్లలో వీడియో తీసుకున్నారు. మా అమ్మాయి బ్రష్షు పట్టుకున్నది ఒకే ఒక్క ముఖం మీద. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఇప్పుడా పిల్ల తునిలో బట్టల కొట్లో పనిచేస్తోంది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

మేము బీఎడ్ చదివేటప్పుడు పాఠం ఎలా చెప్పాలో పుస్తకంలో చదివించి వదిలేయలేదు. బడులకు పంపారు. నల్లబల్ల ముందు నిలబెట్టారు. వెనక బల్ల మీద లెక్చరర్ కూర్చుని మా తప్పులు రాసుకునేవారు. ఒకరు చెబుతుంటే వంద గంటలు చూసినా పాఠం చెప్పడం రాదు. ముఖం దిద్దడమూ అంతే. అందుకే ఏ సంస్థకు వెళ్ళినా మొదటి ప్రశ్న ఇదే కావాలి: "మా అమ్మాయి తన చేత్తో ఎన్ని ముఖాలు చేస్తుంది?" రెండోది: "తప్పు చేస్తే పక్కన నిలబడి దిద్దేది ఎవరు?" ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే అక్కడి అద్దాలూ లైట్లూ చూసి మోసపోకూడదు.

ఇక అసలు మాట. పెళ్ళికూతురి మేకప్ ఒక్కటే నేర్పే కోర్సు ఏడాదిలో కొన్ని నెలలే తిండి పెడుతుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. భాద్రపదంలో, పుష్యంలో ఉండవు. మూఢం వచ్చిందంటే మేళం వినపడదు. మన ఇళ్ళల్లో మొహర్రంలో నికా పెట్టుకోరు, రంజాన్ నెలలో అరుదు. ఆ నెలల్లోనూ కరెంటు బిల్లు వస్తుంది, పిల్లల ఫీజు వస్తుంది. కాబట్టి ఆషాఢంలో కూడా అన్నం పెట్టే కోర్సే మంచి కోర్సు. కనుబొమలు తీర్చడం, ఫేషియల్, జుట్టు కత్తిరించడం, చర్మం రకం గుర్తుపట్టడం, పరిశుభ్రత నేర్పి, దాని మీద పెళ్ళి మేకప్ నేర్పాలి. ఆషాఢంలో తెలుగింటి ఆడవాళ్ళు గోరింటాకు పెట్టుకుంటారు. పండగ ముందు రాత్రి మన వీధుల్లో మెహందీకి పిల్లలు వరుస కడతారు. మెహందీ వచ్చిన చేతికి ఆ నెలలూ ఖాళీ ఉండవు.

మరి అలాంటి కోర్సులు ఎక్కడున్నాయి? నాలుగు దారులున్నాయి.

మొదటిది ఐటీఐ. అందులో కాస్మటాలజీ అనే ఏడాది ట్రేడు ఉంది. పదో తరగతి పాసైనవారు చేరవచ్చు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు స్వల్పం, చివర వచ్చేది జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్. అన్ని ఐటీఐల్లోనూ ఈ ట్రేడు ఉండదు. అడ్మిషన్ల కాలంలో ముందే కనుక్కోవాలి.

రెండోది ఉచిత స్వల్పకాలిక శిక్షణ. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద బ్యూటీషియన్ పనికి సంబంధించిన కోర్సులున్నాయి. జన శిక్షణ సంస్థాన్‌లు 15 నుంచి 45 ఏళ్ళ వారికి నేర్పుతాయి. చదువు రానివారిని, బడి మధ్యలో మానేసినవారిని కూడా తీసుకుంటాయి. ఆడవాళ్ళకూ మైనారిటీలకూ ప్రాధాన్యమిస్తాయి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతి కూడా ఉచితమే. శిక్షణ అయ్యాక రెండేళ్ళపాటు వెంట ఉండి అప్పు విషయంలో, వ్యాపారం విషయంలో సాయపడాలన్నది వాటి నియమం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మనది కాకినాడ జిల్లా. మన పిల్లల్ని ఏ కేంద్రం చేర్చుకుంటుందో, ఏ నెలలో ఏ బ్యాచ్ మొదలవుతుందో లీడ్ బ్యాంకులో అడిగి రావాలి.

మూడోది ప్రైవేటు అకాడమీలు. ఫీజు వేల నుంచి లక్షల దాకా ఉంటుంది. వాటిలో బాగా నేర్పేవీ ఉన్నాయి. ఫీజు ఎక్కువైతే చదువు ఎక్కువని మాత్రం అనుకోవద్దు. "అంతర్జాతీయ సర్టిఫికెట్" అంటే ఇచ్చేది ఎవరో అడగాలి. మన దేశంలో వృత్తి విద్యకు నియంత్రణ సంస్థగా 2018లో జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి ఏర్పడింది. ఆ గుర్తింపు ఉన్న సర్టిఫికెట్టా కాదా అన్నది స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో వెతికి చూడవచ్చు. కట్టే ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. ఎన్ని రోజులు, ఎన్ని గంటలు, కిట్టులో ఏమేమి ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. చెప్పినట్టు జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

నాలుగోది పాత దారి. పేరున్న బ్యూటీషియన్ దగ్గర ఆరు నెలలు సహాయకురాలిగా ఉండటం. మా ఉద్దేశంలో పై మూడింటిలో ఏది చేసినా ఈ నాలుగోది తప్పనిసరి. హోమం పొగకు కళ్ళు నీళ్ళు కారినప్పుడు కాటుక ఎలా నిలబెట్టాలో, ఉప్పుగాలి చెమటలో ఫౌండేషన్ చారలు కట్టకుండా ఎలా చూడాలో ఏసీ గదిలో నేర్చుకుంటే రాదు. చామనఛాయ పిల్లకు తెల్ల రంగు పూస్తే బూడిద పూసినట్టుంటుంది. ఆమె రంగుకు సరిపడే షేడు ఎంచడమే అసలు విద్య. కల్యాణ తిలకం, బుగ్గచుక్క, బాసికం, పూలజడ తెలియాలి. మన నికాకు ఝూమర్ ఏ పక్కన పెట్టాలో తెలియాలి. చర్చి పెళ్ళిలో ముసుగు కింద జుట్టు ఎలా కట్టాలో తెలియాలి. ఈ ఊళ్ళో మూడు మతాల పెళ్ళికూతుళ్ళూ ఆ అమ్మాయి ముందు నమ్మకంగా ముఖం పెట్టి కళ్ళు మూసుకుంటారు. ఆ నమ్మకాన్ని మించిన సర్టిఫికెట్ లేదు.

ఆ నమ్మకం నిలవాలంటే శుభ్రత, భద్రత సిలబస్‌లో ఉండాలి. ఒకరికి వాడిన బ్రష్షు కడగకుండా ఇంకొకరి కంటి దగ్గర పెట్టకూడదు. డబ్బా మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఏ తేదీలోగా వాడాలో ఉండాలి. ముఖం తెల్లబడుతుందని అమ్మే పేరులేని క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. క్రీముల్లో పాదరసం కలపడాన్ని 2020 సౌందర్య సాధనాల నియమాలు ఒప్పుకోవు. గంటలో నల్లగా పండే 'బ్లాక్ మెహందీ'లో జుట్టు రంగులో వాడే రసాయనం కలుపుతారు. దానితో చర్మం బొబ్బలెక్కిన సందర్భాలు వైద్యులకు బాగా తెలుసు. ఈ సంగతులు నేర్పని చోట ఎంత తళుకున్నా అది సగం చదువే.

ఇప్పుడు లెక్కల మాస్టారి పని ఒకటి చేద్దాం. ఇవి ఉదాహరణకు అనుకున్న అంకెలు. ప్రైవేటు ఫీజు 60,000 రూపాయలు, కిట్టు 20,000, రోజుకు 100 చొప్పున 75 రోజుల ప్రయాణం 7,500. మొత్తం 87,500. ఒక్కో పెళ్ళికి ఖర్చులు పోను 2,500 మిగిలితే, పెట్టుబడి తిరిగి రావడానికి 35 పెళ్ళిళ్ళు కావాలి. అదే ఉచిత శిక్షణలో చేరితే కిట్టు, ప్రయాణం కలిపి 27,500. పదకొండు పెళ్ళిళ్ళతో చేతికి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన పిల్లకు 24 పెళ్ళిళ్ళ తేడా అంటే రెండు సీజన్లు పట్టవచ్చు. ఈ లెక్క దరఖాస్తు పెట్టిన అమ్మాయి చేతే వేయించండి. వేయగలిగితే సగం వ్యాపారం వచ్చినట్టే.

ఇంకో మాట. నేర్చుకున్నంత మాత్రాన తలుపులన్నీ తెరుచుకోవు. చారు ఖురానా అనే ఆవిడ అమెరికాలో సినిమా మేకప్ చదివి వచ్చారు. ముంబయి సినీ రంగంలో మేకప్ కళాకారుల సంఘం ఆమెకు సభ్యత్వం ఇవ్వలేదు. వాళ్ళ నిబంధనల ప్రకారం మేకప్ మగవాళ్ళ పని, ఆడవాళ్ళు జుట్టు మాత్రమే దువ్వాలి. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. అంత చదివిన మనిషికే కోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. మన పిల్లకు ఎదురయ్యే తలుపులు చిన్నవి. "రాత్రి పూట ఎక్కడికి?" అనే మాట, "మనవాళ్ళకు ఇదేం పని?" అనే మాట. ఆ తలుపులు తీయడానికి కోర్టు అక్కర్లేదు. ఈ సభలో కూర్చున్న పెద్దలు చాలు. రాత్రి ముహూర్తాలకు ఇద్దరేసి కలిసి వెళ్ళేలా, తెలిసిన ఆటోలో తీసుకెళ్ళి తీసుకొచ్చేలా ఏర్పాటు చేస్తే ఆ భయమూ తగ్గుతుంది.

చివరగా దాతలకు మా మనవి. దరఖాస్తు రాగానే ఫీజు చెక్కు రాయవద్దు. ముందు సంఘం తరఫున ఇద్దరు ఆడవాళ్ళు ఆ కేంద్రానికి వెళ్ళి ఒక పూట క్లాసులో కూర్చుని రావాలి. ఉచిత శిక్షణ దొరికే చోట మీ డబ్బు ఫీజుకు కాకుండా కిట్టుకు, ప్రయాణానికి ఖర్చు పెట్టండి. సహాయకురాలిగా ఉన్న ఆరు నెలలూ ఇంట్లో ఇబ్బంది లేకుండా చిన్న మొత్తం ఇవ్వండి. ఎందుకంటే చాలామంది పిల్లలు చదువు ఆపేది అక్కడే. అకాడమీ ఫీజే కట్టాల్సి వస్తే వాయిదాల్లో, నేర్చుకున్నది చూసి కట్టండి. తర్వాత పార్లర్ పెట్టుకుంటానంటే ముద్రా పథకం శిశు విభాగంలో 50,000 దాకా బ్యాంకు అప్పు దొరుకుతుంది. వడ్డీ వద్దనుకునేవారికి మన సంఘమే ఖర్జె హసనా ఇవ్వవచ్చు. ఒక అమ్మాయి తీర్చిన డబ్బు ఇంకో అమ్మాయి పెట్టె అవుతుంది.

బ్యాంకులో ఉన్న గొలుసు గురించి ఇందాక చెప్పాం. అలాంటి గొలుసు ఇంకొకటి బ్యాంకుకు వెళ్ళకుండా ఆపగలిగితే ఈ ఏడాది మన సంఘం మంచి పని చేసినట్టే.