సెగగడ్డ చిన్నదే, అశ్రద్ధ చిన్నది కాదు



ఇంట్లో ఎవరికైనా సెగగడ్డ లేస్తే మనం అంతగా పట్టించుకోము. చాలావరకు అది పగిలి, చీము పోయి, మానిపోతుంది కూడాను. కాని ఆ చీములోని క్రిములు రక్తంలో చేరితే ప్రాణానికే ముప్పు.

ఇంగ్లండులో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులు ఉండేవాడు. స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ క్రిములు సోకి ముఖమంతా చీముగడ్డలు లేచాయి. ఒక కన్ను తీసివేయవలసి వచ్చింది. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డు ఆసుపత్రిలో ఆయనకు పెన్సిలిన్ మొదలుపెట్టారు. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. కాని తయారైన మందే బహు కొద్ది. రోగి మూత్రం నుండి మందును తిరిగి తీసి ఇచ్చినా చాలలేదు. రోగం తిరగబెట్టి మార్చి 15న ఆయన కన్నుమూశాడు.

నాడు మందు చాలక ప్రాణం పోయింది. నేడు మందుల షాపు వీధివీధినా ఉంది. వాడే పద్ధతే మనకు అలవడలేదు. పెన్సిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్ కోసం 1959లో మెథిసిలిన్ వచ్చింది. 1961 కల్లా దానికీ లొంగని క్రిమి బయటపడింది. అదే ఎం.ఆర్.ఎస్.ఎ. అది రక్తంలో చేరితే వాంకోమైసిన్, డాప్టోమైసిన్ వంటి మందులు నరంలోకి ఎక్కించాలి.

స్టెఫిలోకాకస్ రక్తంలో చేరినప్పుడు చికిత్స కనీసం 14 రోజులు. గుండె కవాటాలకో, ఎముకలకో పాకితే 4 నుండి 6 వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. మూడోనాడు జ్వరం తగ్గింది గదా అని ఇంటికి వచ్చేస్తే ఎలా?

మొదటి మోతాదుకు ముందే రక్తం తీసి కల్చర్ పరీక్షకు పంపితే, క్రిమి ఏదో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. ఇంట్లో మిగిలిన మాత్రలు ముందే మింగితే ఆ పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. గడ్డలో చీము నిలిస్తే మాత్రలొక్కటే చాలవు; డాక్టరు కోసి తీయాలి. మనం పిండగూడదు.

ఎర్రదనం గంటగంటకూ పాకుతున్నా, పైకి కనిపించే పుండుకు మించి నొప్పి ఉన్నా, చలిజ్వరం, ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోవాలి. షుగరు ఉన్నవారి కాలి పుండును మరీ జాగ్రత్తగా చూడాలి.

మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి. పక్కింటివారు కాదు, షాపువారు కాదు, మనమూ కాదు. ఈ ఒక్క మాట ప్రతి ఇంటికీ చేరితే మన సభ సార్థకమైనట్లే.