తలగడ మారిస్తే జుట్టు నిలుస్తుందా?



తలగడ మార్చినంత మాత్రాన తలనొప్పి పోతుందా అని మన పెద్దవాళ్ళు ఒక సామెత చెప్పేవారు. ఇప్పుడు తలగడ కూడా మార్చనక్కరలేదట, దాని గలీబు మారిస్తే చాలునట! జుట్టు రాలదు, మొహాన ముడతలు పడవు, మొటిమలు తగ్గిపోతాయి అంటూ పట్టు గలీబుల గురించీ, శాటిన్ గలీబుల గురించీ వచ్చే ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. కాలేజీలో చదివే అమ్మాయి ఉన్న ఇంట్లో అయితే "అమ్మా, నాకూ ఒకటి కొనవూ" అన్న మాట కూడా వినబడే ఉంటుంది. అసలైన పట్టు గలీబు ఒక్కదానికే వెయ్యి రూపాయలు దాటుతుంది. ఇంటి ఖర్చు చూసుకోవలసింది మనమే గనక, ఇందులో నిజమెంతో, వట్టి మాట ఎంతో ఈ పూట కాస్త విచారిద్దాం.

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. పట్టు అన్నది దారం పేరు. శాటిన్ అన్నది నేత పేరు. మామూలు నేతలో పడుగూ, పేకా ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోతూ ఉంటాయి. శాటిన్ నేతలో ఒక దారం నాలుగు దారాల మీదుగానో, ఇంకా ఎక్కువ దారాల మీదుగానో సాగి, అప్పుడు ఒక్కదాని కిందికి దిగుతుంది. అందుకే ఆ బట్ట పైభాగం నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆ నేత పట్టుతో నేయవచ్చు, పాలిస్టరుతోనూ నేయవచ్చు. బజారులో చవకగా దొరికే శాటిన్ గలీబులు చాలా వరకు పాలిస్టరువే. కొట్టువాడు "సిల్కు శాటినండీ" అన్నాడు కదా అని పట్టు ధర ఇచ్చి రాకండి.

ఇక జుట్టు సంగతి. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే, పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్టు పొలుసులు ఒకదాని మీద ఒకటి కనబడతాయి. అవి కుదుళ్ళ నుంచి కొసల వైపు వాలి ఉంటాయి. ఒక పొడుగాటి వెంట్రుక తీసుకుని రెండు వేళ్ళ మధ్య కుదురు నుంచి కొసకు లాగి చూడండి, నున్నగా జారుతుంది. కొస నుంచి కుదురుకు లాగండి, గరుగ్గా తగులుతుంది. రాత్రి నిద్రలో మనం ఎన్నోసార్లు అటూ ఇటూ పొర్లుతాం. బట్ట గరుకైనదైతే ఈ పొలుసులు లేస్తాయి. ఒక వెంట్రుక ఇంకొకదానికి తగులుకుని చిక్కుపడుతుంది, కొసలు చిట్లుతాయి. నున్నని బట్ట మీద ఆ రాపిడి తక్కువ. కాబట్టి చిక్కు తగ్గడం, జుట్టు తెగడం తగ్గడం అన్న మాటలో నిజం ఉంది. ఉంగరాల జుట్టు వారికీ, రంగులు వేసి, సాగదీయించుకుని జుట్టు పొడిబారిన వారికీ ఈ ఉపకారం ఎక్కువ తెలుస్తుంది. అమెరికాలోని నల్లజాతి స్త్రీలు రాత్రి పడుకునేముందు తలకు శాటిన్ టోపీ పెట్టుకునే అలవాటు ఈ ప్రకటనలకంటే ఎంతో పాతది. ఈ లాభానికి బట్ట నున్నగా ఉంటే చాలు, పట్టే కానక్కరలేదు.

అయితే జుట్టు తెగడం వేరు, రాలడం వేరు. ఈ తేడా మాత్రం ప్రతి తల్లీ గుర్తుంచుకోవాలి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకను వెలుగులో చూడండి. ఒక చివర తెల్లగా చిన్న గుబ్బ ఉంటే అది కుదురు నుంచి రాలింది. గుబ్బ లేకుండా పొట్టిగా ఉంటే మధ్యలో తెగింది. తెగినదానికి గలీబు కొంత కారణం కావచ్చు. రాలినదానికి కారణం సాధారణంగా ఒంట్లోనే ఉంటుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. పురుడు వచ్చాక రెండు మూడు నెలలకూ, టైఫాయిడ్ వంటి పెద్ద జ్వరం తగ్గిన కొన్నాళ్ళకూ జుట్టు ఎక్కువగా రాలి, తిరిగి దానంతటదే వస్తుంది. థైరాయిడ్ లోపమున్నా, ఒంట్లో ఇనుము తక్కువైనా కూడా రాలవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ లెక్క అంతకంటే కాస్త ఎక్కువే. మెట్లెక్కితే ఆయాసపడే పిల్ల, నెలసరిలో ఎక్కువ రక్తం పోయే పిల్ల "జుట్టు రాలుతోందమ్మా" అంటే ఆ వెయ్యి రూపాయలు పట్టుకుని బట్టల కొట్టుకు వెళ్ళకూడదు. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. గలీబు కొని ఆరు నెలలు ఎదురుచూస్తే, ఆ ఆరు నెలలూ లోపం ఒంట్లో అలాగే ఉండిపోతుంది.

చర్మం మాటకొస్తే, ప్రకటనల్లోని మాట ఇంకా పలచన. పొద్దున లేచేసరికి చెంప మీద పడే గీతలు నున్నటి బట్టకు కొంత తక్కువ పడతాయి, నిజమే. కాని ఏళ్ళ తరబడి పక్కకు తిరిగి పడుకోవడం వల్ల మొహాన పడే ముడతలున్నాయే, వాటికి ముఖ్య కారణం మొహాన్ని దిండు నొక్కడం, లాగడం అని 2016లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్లు రాశారు. దిండుకు పట్టు తొడిగినా మన తల బరువు తగ్గదు కదా! ఎగ్జిమా అనే దురద జబ్బున్న పిల్లలకు పట్టు బట్టలు వేస్తే నయమవుతుందేమోనని ఇంగ్లండులో 300 మంది పిల్లలను ఆరు నెలలు పరిశీలించారు. మామూలు వైద్యం ఇచ్చేదానికి మించి మేలేమీ కనబడలేదని 2017లో ప్రకటించారు. అది ఒంటి బట్టల సంగతి అనుకోండి, అయినా పట్టు తగిలితే చాలు చర్మం బాగుపడుతుందనే నమ్మకానికి అది ఒక జవాబే.

"పట్టు తేమ పీల్చదు, క్రీము మొహానే ఉంటుంది" అంటారు. గాలిలోని తేమను నూలు నూటికి ఎనిమిదిన్నర పాళ్ళు తీసుకుంటే, పట్టు 11 పాళ్ళు తీసుకుంటుంది! పాలిస్టరు అర పాలు కూడా తీసుకోదు. మరి మన ఎండాకాలంలో, ఫ్యాను కూడా వేడిగాలే విసిరే రాత్రుల్లో, పాలిస్టరు శాటిన్ మీద చెంప ఆనిస్తే చెమట ఎక్కడికి పోతుంది? మొటిమలున్న పిల్లకు గలీబు ఏ రకమన్నదానికన్న ఎన్నాళ్ళకు ఉతికారన్నది ముఖ్యం. పైగా మనం తలకు నూనె రాసుకునేవాళ్ళం. నూలు గలీబు నూనె పట్టితే వేడినీళ్ళలో నానేసి బాదవచ్చు. పట్టును అలా బాదగలమా?

అంతగా ముచ్చటపడితే ఒక మార్గం చెబుతాను. బీరువాలో కట్టకుండా మూలనున్న పట్టుచీర ఉంటే, జరీ లేని నడిమి భాగం తీసి, మడతల దగ్గర చిరుగు లేదని చూసుకుని, లోపల పాత నూలు గుడ్డ వేసి గలీబు కుట్టుకోండి. జరీ మాత్రం మొహానికి తగలకూడదు సుమా, అది గీసుకుంటుంది. కొత్తది కొంటే కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన సిల్క్‌మార్క్ చీటీ ఉందేమో చూడండి. అనుమానమొస్తే రెండు పోగులు లాగి కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా అవుతుంది. ఉతికేటప్పుడు కుంకుడు రసంతో చల్లని నీళ్ళలో ఉతికి, పిండకుండా నీడన ఆరేయండి.

ఏమీ కొనకుండానూ చాలా చేయవచ్చు. నూనె తల అని దిండు మీద టర్కీ తువ్వాలు వేస్తాం చూడండి, ఆ తువ్వాలు పోగుల ఉచ్చులు జుట్టును లాగుతాయి. దాని బదులు ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్క వేయండి. గలీబులకు గంజి పెట్టకండి. దారపు ముడుల పువ్వులు కుట్టిన గలీబులు చుట్టాలకు చూపించడానికే గాని పడుకోవడానికి కాదు. తడి జుట్టు త్వరగా తెగుతుంది, ఆరాకే పడుకోండి. రాత్రి వదులుగా జడ అల్లుకోండి, కుదుళ్ళు లాగేలా రబ్బరు బ్యాండు బిగించకండి. వారానికి ఒకటి రెండుసార్లు గలీబు మార్చండి.

పట్టు గలీబు ముచ్చటకు కొనుక్కుంటే కాదనేవారు లేరు. చిక్కు తగ్గుతుంది, పడుకుంటే హాయిగా ఉంటుంది. కాని అది మందు కాదు. రాలే జుట్టుకు జవాబు తలగడ దగ్గర కాక డాక్టరు దగ్గరా, మన కంచంలోని ఆకుకూర, పప్పు, గుడ్ల దగ్గరా వెతుక్కోవాలి. ఇంట్లో అందరికీ వడ్డించి, చివరికి గిన్నె అడుగున మిగిలిందే తినే ఇల్లాలు ఈ మాట తన కోసం కూడా విన్నట్టయితే నాకు సంతోషం.