రసీదు ఇచ్చిన తర్వాత పని
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మేము స్కాలర్‌షిప్పుల గురించి చెబుతుంటాం. ఈసారి ఆదాయపు పన్ను రిటర్నుల గురించి, అదీ ఆన్‌లైన్‌లో వేసే రిటర్నుల గురించి మాట్లాడమని అధ్యక్షులవారు అన్నారు. భోజనాల ముందు ఈ సంగతి ఎవరు వింటారండీ అని మేమూ అన్నాం. అయినా ఒప్పుకోవడానికి కారణం ఉంది. ఈ ఏడాది మా చేతులమీదుగా ఒక పొరపాటు జరిగింది. దాన్ని దాతలందరి ముందూ చెప్పడమే మంచిదనిపించింది.

సొసైటీ లెక్కలు చూసేది మేము ముగ్గురం. ముగ్గురమూ బడిపంతుళ్ళమే. పోయిన రంజాన్ నెలలో, మగ్రిబ్ నమాజు అయ్యాక, ఒక పెద్దాయన మా బల్ల దగ్గరకొచ్చి 15,000 రూపాయలు నగదుగా ఇచ్చారు. రిటైరైన ఉద్యోగి. మనకు పాత దాత. మేము వెంటనే రసీదు రాసిచ్చాం. రసీదు మీద 80జి అని అచ్చయి ఉంది. ఆయన దాన్ని భద్రంగా దాచుకుని జూన్‌లో రిటర్ను వేయించుకున్నారు. వేసింది నెట్ సెంటర్ కుర్రాడు. రిటర్నులో దానం వివరాలు రాసే చోట నగదుకు ఒక గడి, ఇతర పద్ధతులకు ఒక గడి ఉంటాయి. ఆ కుర్రాడు 15,000 రెండో గడిలో వేశాడు. ఎందుకు వేశావంటే, మొదటి గడిలో వేస్తే మినహాయింపు రావడం లేదు సార్ అన్నాడట.

రాదు మరి. 2017 నుంచి చట్టం అదే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన దానానికి 80జి కింద మినహాయింపు లేదు. అంతకుముందు ఆ హద్దు 10,000 ఉండేది. చెక్కు గానీ, బ్యాంకు బదిలీ గానీ, ఫోన్‌లో యూపీఐ గానీ అయితే ఎంతైనా ఫరవాలేదు. ఈ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం ఆయనకు చెప్పలేదు. ఇఫ్తార్ హడావిడిలో ఉన్నాం. ఇచ్చే చేతిని ఆపి రూల్సు చెప్పడానికి మొహమాటపడ్డాం. తప్పు అక్కడ మొదలైంది.

తరువాత ఏం జరిగిందంటే, 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి మనలాంటి సంస్థలు దాతల జాబితాను ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. దాన్ని ఫారం 10బీడీ అంటారు. దాత పేరు, చిరునామా, పాన్ లేదా ఆధార్ లాంటి గుర్తింపు నంబరు, ఎంత ఇచ్చారు, నగదా బ్యాంకు ద్వారానా, ఇవన్నీ అందులో నింపాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోపు పంపాలి. పంపాక పోర్టల్ నుంచే ఒక్కో దాత పేరుమీద 10బీఈ అనే సర్టిఫికెట్ వస్తుంది. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ సర్టిఫికెట్టే. మేము చేత్తో రాసిచ్చే రసీదు కృతజ్ఞతకు గుర్తు మాత్రమే. మేము గడువులోపే పంపాం, ఉన్నదున్నట్టు 15,000 నగదు అని రాశాం. కానీ సర్టిఫికెట్లను దాతలకు అందించేసరికి జూలై అయింది. అప్పటికే ఆయన రిటర్ను వెళ్ళిపోయింది.

కొద్ది రోజులకు ఆయన ఫోన్‌కు శాఖ నుంచి ఒక సందేశం వచ్చింది. మీరు చూపిన మినహాయింపును మరోసారి సరిచూసుకోండి, అవసరమైతే రిటర్ను సవరించుకోండి అని దాని సారాంశం. ఆయన భయపడి నేరుగా మా ఇంటికొచ్చారు. 35 ఏళ్ళు ప్రభుత్వానికి ఒక్క పైసా ఎగ్గొట్టని మనిషి. "మాస్టారూ, రసీదు మీరే కదా ఇచ్చింది? ఇప్పుడు నేను దొంగనయ్యానా?" అన్నారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఆయన వెంట వచ్చిన బంధువు ఒక ఉపాయం చెప్పాడు. ఆ ఒక్క రసీదు రద్దుచేసి, వేరువేరు తేదీలు వేసి రెండువేల లోపు రసీదులు ఎనిమిది రాసివ్వండి, 10బీడీ సవరించి పంపండి, ఎవరికీ నష్టం లేదు కదా అని. 10బీడీని సవరించే వీలు ఉన్న మాట నిజమే. అది పొరపాట్లు దిద్దుకోవడానికి ఉంది. రాని తేదీలు వేయడానికి కాదు. మేము కుదరదన్నాం. ఆ పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. రిటర్ను సవరించి వేశారు. 15,000లో సగం 7,500, దానిమీద 20 శాతం పన్ను, సెస్సు కలిపి 1,560 రూపాయలు. అంత మొత్తం ఆయన నష్టపోయారు. మేము ఆ డబ్బు మా జేబుల్లోంచి ఇస్తామన్నాం. తీసుకోలేదు.

సమయం కూడా చూడండి. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా సుమారు 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు మినహాయింపులు చూపించి రిఫండ్లు తెప్పిస్తామనే మధ్యవర్తుల మీద ఆ తనిఖీలు. అంతకుముందు నాలుగు నెలల్లో శాఖ ఇచ్చిన హెచ్చరికలు చూసి దాదాపు 40,000 మంది రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ప్రకటించింది. ఆ ఎనిమిది రసీదులు రాసి ఉంటే మనమూ ఆ వరుసలోనే చేరేవాళ్ళం. రేపు సొసైటీ 80జి గుర్తింపు పోతే నష్టపోయేది హాస్టల్లో ఉన్న పిల్లలు.

ఇంతకూ ఈ మినహాయింపు ఎంత? ఉన్నమాట చెప్పాలి. మన సంస్థకిచ్చే దానంలో సగానికే మినహాయింపు, దానికీ ఆదాయంలో పది శాతం అనే పరిమితి ఉంది. అదీ పాత పన్ను పద్ధతి ఎంచుకున్నవాళ్ళకే. కొత్త పద్ధతిలో 80జి లేదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు, జీతగాళ్ళకైతే 12 లక్షల 75 వేలు. అంటే ఈ సభలో ఉన్న ఉపాధ్యాయుల్లో చాలామందికి ఇకమీదట మన రసీదుతో పన్నుపరంగా ఒరిగేదేమీ లేదు. ఈ మాట చెబితే దానాలు తగ్గుతాయని కమిటీలో ఒకరు అన్నారు. దాచిపెట్టి తీసుకోవడం కంటే తగ్గినా మంచిదేనని మిగతావాళ్ళం అనుకున్నాం.

ఉద్యోగులకు ఇంకొక మాట. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ఐటీ లెక్కలు ఇస్తాం కదా, అక్కడ మన సొసైటీ రసీదు పెడితే డీడీఓ ఒప్పుకోరు. అది ఆయన మొండితనం కాదు, నిబంధనే అంత. 80జి మనమే రిటర్నులో అడగాలి, 10బీఈలో ఉన్న నంబరు చూసి వేయాలి.

ఉదయగిరి నుంచి వచ్చే ఒక పెద్దమనిషి ఏటా ఇస్తారు. ఏటా ఒకే మాట: "పేరు రాయొద్దు మాస్టారూ, అల్లాహ్‌కు తెలిస్తే చాలు." ఈ మాట దగ్గర మాకు నిజంగా చిక్కొచ్చింది. గుప్తదానం మన ఇళ్ళల్లో నేర్పిన పద్ధతి. చట్టమేమో దాత పేరు, చిరునామా రిజిస్టరులో ఉండాలంటుంది. పేరు లేని దానాలు ఏడాదికి లక్ష రూపాయలు గానీ, మొత్తం దానాల్లో ఐదు శాతం గానీ, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, దాటిన సొమ్ము మీద 30 శాతం పన్ను. దర్గాకు వచ్చే యాత్రికుల కోసం అంగళ్ళలో పెట్టిన మన డబ్బాల్లో పడే చిల్లర ఆ హద్దుకు చాలా దూరంలోనే ఉంది, దాని గురించి దిగులు లేదు. పెద్ద మొత్తాల విషయంలో మేము చేసిందిది: రిజిస్టరులో పేరు రాస్తాం, 10బీడీలో పంపుతాం, ఈ సంచికలో మాత్రం అచ్చువేయం. మైకులో చదవం. ఆయన కాసేపు ఆలోచించి పాన్ కార్డు జిరాక్సు ఇచ్చారు. ఈ సంచికలో దాతల పేజీ వెతికితే ఆయన పేరు కనిపించదు.

జకాత్ సొమ్ముకు 80జి రసీదు ఎందుకివ్వరని చాలామంది అడుగుతున్నారు. 80జి కావాలంటే సంస్థ ఏ ఒక్క మతానికో కులానికో మేలు చేసేదిగా ఉండకూడదు. మతపరమైన ఖర్చు ఆదాయంలో ఐదు శాతం దాటకూడదు. మన స్కాలర్‌షిప్పులు పేదరికం చూసి ఇస్తున్నాం, ఇంటిపేరు చూసి కాదు. జకాత్‌కు హక్కుదారులు వేరే ఉన్నారు, దాని లెక్క ఉలమాల సలహాతో వేరే ఖాతాలో నడుస్తోంది. రెండూ ఒకే సంచిలో వేస్తే రెండూ చెడతాయి.

కువైట్, సౌదీలలో ఉన్న మన పిల్లలు పంపే డబ్బు సంగతి కూడా అడిగారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇస్తే వస్తుంది. దానికి వేరే అనుమతి కావాలి, మనకు లేదు. అందుకని తీసుకోవడం లేదు, కోపం తెచ్చుకోవద్దు.

మా ఉద్యోగం తొలి రోజుల్లో రిటర్ను అంటే సరళ్ అనే కాగితం ఫారం. నెల్లూరు ఆఫీసుకెళ్ళి వరుసలో నిలబడి ముద్ర వేయించుకుని వచ్చేవాళ్ళం. తరువాత ఆన్‌లైన్ వచ్చినా సంతకం చేసిన కాగితాన్ని బెంగళూరుకు పోస్టు చేయాల్సి వచ్చేది, 120 రోజుల గడువు. ఆ కవరు చేరిందో లేదో తెలియక పోస్ట్‌మాన్‌ని అడిగినవాళ్ళున్నారు. ఇప్పుడు ఆధార్ ఓటీపీతో నిమిషంలో అయిపోతుంది. 2022 ఆగస్టు నుంచి గడువు 30 రోజులే. ధృవీకరించని రిటర్ను వేయనట్టే లెక్క. మేము చూసినవాళ్ళలో కొందరి పోర్టల్ ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు వాళ్ళది కాదు, నెట్ సెంటర్ వాళ్ళది. పాస్‌వర్డ్ కూడా వాళ్ళ నోట్‌బుక్‌లోనే ఉంటుంది. శాఖ పంపే సందేశం ఎవరికి చేరుతుందో మీరే ఆలోచించండి. ఆ పెద్దాయన ఖాతాలో సొంత నంబరు ఉండబట్టే కదా సమయానికి సవరించుకోగలిగారు.

పన్ను పడని వాళ్ళకు రిటర్ను ఎందుకని ఉదయగిరి చెక్క గరిటెలు చేసే ఒక తమ్ముడు అడిగాడు. బ్యాంకు లోను అడిగితే రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతారు నాయనా అన్నాం. వచ్చి వేయించుకున్నాడు.

మా వైపు నుంచి మార్చినవి ఇవి. 2,000 దాటిన నగదు తెస్తే, తీసుకునే ముందే మినహాయింపు రాదని చెబుతాం. రసీదు పుస్తకంలో పాన్ గడి పెద్దది చేశాం, రాసినాక చదివి వినిపిస్తాం. 10బీఈ సర్టిఫికెట్లు మే 31 లోపు వాట్సాప్‌లోనో, కాగితం మీదో అందిస్తాం. ఆలస్యమైతే చట్టప్రకారం రోజుకు 200 రూపాయల ఫీజు. అది సొసైటీ ఖాతాలోంచి కాకుండా మేము ముగ్గురం కట్టాలని కమిటీ తీర్మానం చేసింది. మేమే అడిగి చేయించాం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. అందులో సెక్షన్ల నంబర్లు వేరు, రసీదు పుస్తకాలు మళ్ళీ అచ్చువేయించాలి. అందుకే ఇప్పుడు తక్కువ పుస్తకాలు వేయించాం.

ఆ పెద్దాయన ఈరోజు సభకు రాలేదు. ఈ ఏడాది ఇంకా ఏమీ పంపలేదు, అడగడానికి మాకూ మొహం చెల్లలేదు. సభ అయ్యాక ఆయనింటికి వెళ్ళి ఈ ప్రసంగం కాగితం ఇచ్చి వద్దామనుకుంటున్నాం.

భోజనాల తరువాత పక్క గదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటాం. పాన్, ఆధార్, ఫోన్ తెచ్చుకున్నవాళ్ళు రండి. ముందు మీ ఖాతాలో ఎవరి నంబరు ఉందో చూద్దాం.